గాజుల పెట్టెలో సీమ చుట్టలు

మా బావ జీవితంలో ఒక్క చుట్ట కూడా కాల్చలేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, లేకపోతే కింద రాసేదంతా చదివి మీరు ఆయన్ని అపార్థం చేసుకుంటారు. ఆయన చుట్టల్ని కాల్చేవాడు కాదు, చూసుకునేవాడు. సరుకు ఓడల్లో స్టూవార్డుగా చేసినన్నాళ్ళూ కెప్టెన్ గది సర్దడం, చొక్కాలు ఇస్త్రీ చేయడం, వేళకి కాఫీ అందించడం ఆయన పని. వీటితోపాటు కెప్టెన్ గారి సీమ చుట్టల, అంటే సిగార్ల, పెట్టె కూడా ఆయన చేతికే వచ్చింది.

సీమ చుట్ట మహా సుకుమారమట. తేమ తగ్గితే పెళుసెక్కి విరుగుతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది. అందుకని చెక్క పెట్టెలో ఓ మూల తడి స్పాంజి, పక్కన తేమ చూపించే చిన్న మీటరు పెట్టి, పైవాటిని కిందికీ కిందివాటిని పైకీ మారుస్తూ కాపాడాలి. ఎండదేశాల రేవుల్లో ఒకలా, వానదేశాల రేవుల్లో ఇంకోలా స్పాంజి తడపాలి. ఓడలో తక్కిన పనుల గురించి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసే బావ, ఈ చుట్టల దగ్గరికొచ్చేసరికి కుర్చీ ముందుకి జరుపుకునేవాడు.

"పసిపిల్లల్ని సూసినట్టు సూడాలి మరి" అనేవాడు.

"మన పిల్లల్ని తవరు ఎప్పుడు సూసినారండీ?" అని మా అక్క వంటింట్లోంచి అందుకునేది. పిల్లలు పుట్టినప్పుడల్లా ఆయన ఏదో ఒక సముద్రం మీదే ఉన్నాడు. ఆ సంగతి ఎత్తగానే బావ కుర్చీ మళ్ళీ వెనక్కి జరిగేది.

నేను విజయనగరంలో ఓ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. అక్కావాళ్ళిల్లు ఎచ్చెర్ల దాటాక హైవే మీంచి కొంచెం లోపలికి. శనివారం క్లాసులవగానే బస్సెక్కేస్తాను. ఆదివారం అక్క చేతి వంట తిని, బావతో వాదన పెట్టుకుని, సోమవారం పొద్దున్నే తిరుగు బస్సు పట్టుకుంటాను. బావకి నేను ఒక్కగానొక్క మరదల్ని. "ఒసే మేడమూ" అని పిలుస్తాడు. ఇంకెవరైనా అలా పిలిస్తే ఊరుకునేదాన్ని కాదు.

పిల్లలు చదువులకి ఊరు వదిలాక ఆ ఇంట్లో మిగిలిన ఇంకో మనిషి అత్త, అంటే బావ తల్లి. ఆమె అడ్డపొగ మనిషి. తెలియనివాళ్ళు ఉంటారు కాబట్టి చెబుతున్నాను: అడ్డపొగ అంటే చుట్ట ముట్టించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. మా వైపు పెద్దవయసు ఆడవాళ్ళలో ఇది ఇంకా ఉంది. బయటికి కనిపించేది చుట్ట తోకే, నిప్పంతా లోపల. గాలికి ఆరదు, చీర మీద నుసి పడదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి వేరుశనగకాయలు ఒలుచుకుంటూ ఊళ్ళోవాళ్ళందర్నీ ఏకిపారేయొచ్చు. ఓసారి పళ్ళ డాక్టర్ల శిబిరం వస్తే, ఓ డాక్టరమ్మ అత్త అంగిలి చూసి గుండె పట్టుకుంది. మానేయమని నేనూ చాలాసార్లు పోట్లాడాను. "నా నోరు, నా నిప్పు. మద్దిన నీకేటే?" అంది అత్త. కెమిస్ట్రీ చెప్పేదాన్ని, నా దగ్గర జవాబులకి కొదవలేదు. వినే తీరిక ఆమెకి లేదు.

కొడుకు ఉద్యోగం మాత్రం అత్తకి ఏనాడూ కొరుకుడు పడలేదు.

"ఓడ నడిపీవోడివి కావు, మూటలు మోసీవోడివి కావు. మరేటి సేసీవోడివిరా?" అని అడిగేది.

"కెప్టెన్ గారి సుట్టలు సూసీవోణ్ణమ్మా."

"సుట్టలు సూడ్డానికి ఓడెక్కాలేటి? ఇంట్లో నా సుట్టలు సూసుంటే సరిపోను."

వీధిలో ఎవరైనా అడిగితే "ఏటో, ఓడలో కాఫీలిచ్చీవోడు" అని చేతులు దులిపేసుకునేది. బావ విననట్టే ఉండేవాడు. విన్నాడని నాకు తెలుసు, ఎందుకంటే ఆ పూట పెరుగన్నంలో ఉప్పు వేసుకోవడం మర్చిపోయేవాడు. చప్పిడి అన్నం అలాగే తినేసి లేచేవాడు. అలా చూసినప్పుడల్లా నాకు అత్త మీద ఒళ్ళు మండేది, బావ మీద జాలేసేది.

ఆఖరిసారి ఓడ దిగేటప్పుడు కెప్టెన్ కొత్త చుట్టల డబ్బా ఒకటి బావ చేతిలో పెట్టాడట. "ఇవి నీ దగ్గరుంచు. ఎప్పుడో ఓ రోజు మీ ఇంటికొచ్చి, మీ అరుగు మీద కూర్చుని తెరుస్తాను. నీలాగా వీటిని చూసుకున్నవాడు నాకు ఇంకెక్కడా దొరకలేదు" అన్నాడట. అన్నేళ్ళ ఉద్యోగంలో బావ గొప్పగా చెప్పుకునేది ఆ ఒక్క మాటే. ఏటా కొత్త సంవత్సరం నాడు కెప్టెన్ ఫోన్ చేసి "మనవాళ్ళెలా ఉన్నారు?" అని అడిగేవాడు. మనవాళ్ళంటే చుట్టలు. బావ ఫోన్ పట్టుకుని లేచి నిలబడి "ఫస్ట్ క్లాస్ సార్" అనేవాడు.

మొన్న వానాకాలంలో కెప్టెన్ మళ్ళీ ఫోన్ చేశాడు. దసరాలు వెళ్ళాక విశాఖపట్నంలో బంధువుల పెళ్ళి ఉంది, అక్కణ్ణుంచి నేరుగా మీ ఇంటికే, డబ్బా సిద్ధంగా ఉంచు అన్నాడు. అది ఆదివారం కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. బావ ఫోన్ పెట్టేసి, కాళ్ళు కడుక్కుని వచ్చి, డబ్బా ఇమ్మన్నాడు. ఇంటికి రంగులు వేయించినప్పుడు అక్క దాన్ని తన బీరువాలో భద్రం చేసింది. మన ఉప్పుగాలి ఊళ్ళో చుట్టలకి ఏమవుతుందిలే అని బావ కూడా అప్పట్నుంచీ తీసి చూడలేదు.

అక్క పట్టుచీరల మధ్యలోంచి డబ్బా తీసిచ్చింది. బావ ఒక చుట్టని చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ళతో మెల్లగా నొక్కాడు. పరీక్ష అదేనట. బాగున్న చుట్ట పలకకూడదు. ఇది మా అందరికీ వినపడేలా కరకరలాడింది.

"అప్పడం" అంది అత్త.

బావ ఇంకోటి తీసి నొక్కాడు, అదీ అంతే. "మన ఊళ్ళో డబ్బాలో ఉప్పు నీరైపోతాది. తలుపులు ఉబ్బిపోయి మూతపడవు. సుట్టలెలగ ఎండిపోనాయి?" అన్నాడు.

జవాబు బీరువా అడుగున దొరికింది. కొత్త చెప్పుల డబ్బాల్లో, మందు సీసాల్లో తెల్లటి చిన్న పొట్లాలు వస్తాయి చూడండి, తినకూడదని రాసుంటుంది, గాలిలో తేమ పీల్చేసేవి. మా అక్క వాటిని ఒక్కటి కూడా పారేసే మనిషి కాదు. తన పొట్లాలు చాలక చుట్టుపక్కల వాళ్ళవి కూడా అడిగి తెచ్చుకుని, పట్టుచీరల కోసం బీరువా నిండా జల్లింది. చుట్టల డబ్బాలో కూడా ప్రేమగా గుప్పెడు పోసింది.

"నా పెళ్ళి పట్టుసీర సూడండి, ఇయ్యాలికీ ఒక్క మచ్చ లేదు" అంది అక్క, ఏం చెప్పాలో తోచక.

"మచ్చ నా పరువుకి పడ్డాది" అన్నాడు బావ. "సార్‌కి ఫస్ట్ క్లాస్ అని సెప్పినాను. ఆ ఒక్క పనీ నాకు వొచ్చునని ఆయన నమ్మినాడు. ఇప్పుడు అప్పడాలు పెట్టమంటావా?"

డబ్బా మూత వేసేశాడు. నవ్వబోయి మానేశాను.

మర్నాటి నుంచి వైద్యం మొదలైంది. ఎండిన చుట్టని బతికించడంలో బావ చెప్పే సూత్రం ఒక్కటే, తొందరపడకూడదు. తేమని మెల్లమెల్లగా అందించాలి. నీళ్ళు తగలకూడదు, నీళ్ళున్న గాలి తగలాలి. దానికి మూత బిగుతుగా పడే చెక్క పెట్టె కావాలి. ఆ ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది, అక్క పెళ్ళినాటి టేకు గాజుల పెట్టె. అక్క మారుమాట్లాడకుండా గాజులన్నీ స్టీలు డబ్బాలోకి ఒంపేసి పెట్టె ఇచ్చేసింది. నేరం చేసిన మనిషి కదా. శుద్ధమైన నీళ్ళ కోసం బావ ఇన్వర్టరు బ్యాటరీకి పోసే నీళ్ళ క్యాను దించాడు.

"కరెంటు పోతే ఇంక సుట్టలే ఎలిగించుకోవాలి" అంది అత్త.

తేమ మీటరు నేను ఆన్‌లైన్‌లో తెప్పించాను. పెట్టెలో పెట్టేముందు పనిచేస్తోందో లేదో చూద్దామని అరుగు మీద ఉంచితే, కెప్టెన్ పెట్టెలో ఎంత ఉండాలని బావ చెప్పేవాడో సరిగ్గా అంతే చూపించింది. అంటే ఇన్నాళ్ళూ ఆ డబ్బాని బీరువాలో దాచకుండా అరుగు మీద గిరాటేసినా చుట్టలు నిక్షేపంగా ఉండేవి. ఈ మాట నేను పైకే అన్నాను. అక్క నన్ను చూసిన చూపుకి ఆ పూట అన్నం రెండోసారి అడగలేదు.

బావలో మాత్రం మార్పొచ్చింది. ఓడ దిగాక పదయ్యేదాకా లుంగీలో కూర్చునే మనిషి, పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని పెట్టె తెరిచేవాడు. స్పాంజి చూసి, మీటరు చూసి, చుట్టల్ని ఒక్కోటీ తిప్పి పడుకోబెట్టి, చప్పుడు కాకుండా మూత వేసేవాడు. ఆ కాసేపు ఎవరైనా పిలిస్తే పలికేవాడు కాదు.

అత్త ఓసారి సాయానికొచ్చింది. "ఎందుకురా ఇంత యాతన? ఒక్కోటీ నా నోట్లో కాసేపు ఎట్టుకుంటాను, మెత్తబడతాది. నా సుట్టలు అలగే కదా తడుపుకుంటాను" అంది. అది నిజమే, అడ్డపొగ వాళ్ళు చుట్ట త్వరగా కాలిపోకుండా ముందు ఉమ్మితో తడుపుతారు. బావ పెట్టెని తీసుకెళ్ళి బీరువా నెత్తిన పెట్టాడు. ఆ తర్వాత తెరవాల్సి వచ్చినప్పుడల్లా స్టూలెక్కేవాడు.

ఎంతకీ కరకర తగ్గడం లేదు. అక్కకి నిద్ర పట్టడం మానేసింది. తప్పు తనదే కాబట్టి దిద్దుబాటు కూడా తానే చేయాలని ఆమె పట్టుదల. ఓ ఆదివారం బావ క్షవరానికి వెళ్ళిన సమయం చూసి, నన్ను వంటింట్లోకి లాగింది.

"ఆవిరి పెడితే ఏటవుతాదే?" అంది.

"ఆవిరంటే నీరే కదా" అన్నాను నేను. కెమిస్ట్రీ చెప్పేదాన్ని.

పొయ్యి మీద ఎలాగూ ఇడ్లీలు ఉడుకుతున్నాయి. పై రేకులో ఒక గుంట ఖాళీగా ఉంది. అక్క ఒక చుట్టని అక్కడ అడ్డంగా పడుకోబెట్టి మూత పెట్టింది. మూత తీసేసరికి చుట్ట ఉబ్బి, పైఆకు పగిలి, లోపలి పొగాకంతా తడిసిన కొబ్బరిపీచులా బయటికొచ్చేసింది. ఇడ్లీలు గోధుమరంగుకి తిరిగాయి. ఇల్లంతా అత్త వాసన.

బావ వచ్చి దాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. మా ఇద్దరి మొహాలూ చూశాడు. తిడతాడనుకున్నాం.

"తొందరపడినారు" అన్నాడు అంతే. దాన్ని పట్టుకెళ్ళి మల్లెపాదులో పాతిపెట్టి వచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఇడ్లీలు అత్త ఒక్కతే తింది, ఎప్పుడూ ఇంత రుచిగా కుదరలేదని కూడా అంది.

ఆ తర్వాత ఎవరం వేలు పెట్టలేదు. నేను వెళ్ళిన ప్రతిసారీ బావ ఓ చుట్ట నా చెవి దగ్గర నొక్కి వినిపించేవాడు. అప్పడం కాస్తా వడియమైంది, వడియం కాస్తా ఎండుటాకు చప్పుడైంది. ఒకదానికి పైఆకు కొంచెం చీలితే, ఉడికిన అన్నం మెతుకు నలిపి అతికించాడు, మనం కవర్లు అతికించినట్టు. దసరాలు వెళ్ళాయి. నేను కాలేజీకి సెలవు పెట్టి వచ్చాను. కెప్టెన్ వచ్చే ముందురోజు పొద్దున్న బావ అన్నిటినీ ఒక్కోటీ చెవి దగ్గర నొక్కి చూసి, స్టూలు మీద నుంచే మా వైపు తిరిగాడు.

"ఒక్కటీ పలకట్లేదే" అన్నాడు. పిల్లలు పరీక్ష ప్యాసయినప్పుడు కూడా ఆయన మొహం అంత వెలగలేదని అక్క తర్వాత నాతో అంది. అయితే నేనందుకు ఒప్పుకోను, అప్పుడు ఆయన సముద్రం మీద ఉన్నాడు కదా, ఈమె ఎలా చూసింది?

కెప్టెన్ కారు దిగాడు. పొడుగాటి మనిషి, తెల్ల గడ్డం, మోకాళ్ళు కొంచెం పట్టేసినట్టున్నాయి. మలయాళీ ఆయన. కానీ కొంచెం తెలుగు మా బావ దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి, గేటు దగ్గరే "ఏటి సంగతి?" అన్నాడు. అత్త ఒలుస్తున్న కాయలు ఆపేసి చూసింది.

అరుగు మీద కుర్చీ వేశాం. అక్క పెద్ద చెంబుతో మజ్జిగ తెచ్చి ఆయన పక్కన స్టూలు మీద పెట్టింది. బావ లోపలికెళ్ళి, గాజుల పెట్టెని పళ్ళెంలో పెట్టి, పైన తెల్ల తువ్వాలు కప్పి తెచ్చాడు. పక్కన కుర్చీ ఉన్నా కూర్చోలేదు. ఓడలో ఎలా నిలబడేవాడో అలాగే నిలబడ్డాడు. మూత తీసి ముందుకి పట్టాడు.

అన్ని చుట్టలుండగా కెప్టెన్ చెయ్యి సరిగ్గా మెతుకు అతికించినదాని మీదికే వెళ్ళింది. అక్క నా చెయ్యి పట్టుకుని గిచ్చింది. కెప్టెన్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నొక్కాడు.

చుట్ట పలకలేదు.

కెప్టెన్ కళ్ళు మూసుకుని వాసన చూశాడు. "ఇందులో ఏదో కొత్త వాసన ఉంది" అన్నాడు ఇంగ్లీషులో. బావ పెట్టెలోకి వంగి చూశాడు. "గంధం లాగా ఉంది. చాలా బాగుంది" అన్నాడు కెప్టెన్. అది గాజుల పెట్టె వాసన, అక్క గాజులతోపాటు గంధపుచెక్క ముక్క ఉంచేది. అక్క నా చెయ్యి వదిలేసి, పైట సర్దుకుని, కొంచెం ముందుకొచ్చి నిలబడింది.

తీరా అగ్గిపెట్టె అందిస్తే కెప్టెన్ తల అడ్డంగా ఊపాడు. గుండెకి స్టెంటు వేశారట. పొగ మానేసి చాలాకాలమైందట. "వాసన చూడ్డానికే వచ్చాను" అన్నాడు. బావ ఎప్పుడూ కాల్చలేదు. నాకూ అక్కకీ ఆ అలవాటే లేదు. ఇంత వైద్యం చేసిన చుట్ట ఆయన ఒళ్ళో అలా ఉండిపోయింది.

"ముట్టించకపోతే మెత్తబడిందని ఎలగ తెలస్తాది?" అంది అత్త. లేచి వచ్చి, ఆయన ఒళ్ళోంచి చుట్ట తీసుకుని, పళ్ళతో కొస కొరికి, ముట్టించింది. రెండు దమ్ములు మామూలుగానే లాగి నిప్పు బాగా రాజుకున్నాక, చుట్టని తిప్పి నిప్పు కొసని నోట్లో పెట్టేసుకుంది.

ఓడ మీద అగ్నిప్రమాదం వస్తే ఏం చేయాలో కెప్టెన్‌కి ఉద్యోగమంతా నేర్పించారు. దాన్ని ఇంకొకళ్ళకి ఆయన నేర్పించాడు. ముసలావిడ నోట్లో నిప్పు పెట్టుకోవడం చూడగానే, మోకాళ్ళ నొప్పులన్న సంగతే మర్చిపోయి, లేచి, చెంబెత్తి, మజ్జిగ మొత్తం ఆమె మొహం మీద కొట్టాడు. గురి కూడా బాగుంది.

కరివేపాకు రెబ్బ ఒకటి అత్త ముక్కు మీద నిలిచింది. అత్త నోట్లోంచి చుట్ట తీసి చూసింది.

"ఆరిపోనాది" అంది. పెదాలు ఓసారి నాలుకతో తడుముకుంది. కోడలి వైపు తిరిగి, "మజ్జిగలో ఉప్పు సాల్లేదే" అంది.

నేను అరుగు మీదే కూలబడి కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాను. బావ హిందీలో అడ్డపొగ అంతా వివరించి చెబితే, కెప్టెన్ అత్త కాళ్ళకి దండం పెట్టినంత పని చేశాడు. తర్వాత సిగ్గుపడుతూ, ఇంకోసారి చూపిస్తారా అని అడిగాడు. అత్తకి అంతకన్నా కావాల్సిందేముంది. ఇంకో చుట్ట తీసుకుని, నిప్పు లోపల పెట్టుకుని, కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. కెప్టెన్ ఖాళీ చెంబు పట్టుకుని పక్కనే కూర్చుని ఆమె నోటి వంక చూస్తూ ఉన్నాడు, మళ్ళీ ఎప్పుడు ఏ అవసరం వస్తుందోనని.

కాసేపయ్యాక అత్త చుట్ట తీసి, కొడుకు వైపు చూడకుండానే, "మెత్తగా ఉన్నాది. నిదానంగా కాల్తన్నాది. సుట్ట సూడ్డం వొచ్చురా నీకు" అంది.

అంతలో కెప్టెన్ డ్రైవర్ని కేకేసి కారులోంచి సంచీ తెప్పించాడు. అందులోంచి నల్లటి చెక్క పెట్టె తీశాడు. బావ దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. ఓడలో రోజూ తాను తుడిచిన పెట్టె అది, తుపానులో కిందపడి మూత మూల చెక్కుకుపోయిన గుర్తు కూడా అలాగే ఉంది. మూత తీశాడు. లోపల స్పాంజి రాయైపోయింది. చుట్టలన్నీ ఎండి చీలిపోయి ఉన్నాయి.

"నువ్వు దిగిపోయాక ఈ పని నాకు చేతకాలేదు" అన్నాడు కెప్టెన్, తెలుగూ హిందీ కలిపి. "ఏటా ఫోన్ చేసి నీవి ఎలా ఉన్నాయని అడిగేవాణ్ణి. నావి ఎలా ఉన్నాయని నువ్వు తిరిగి అడుగుతావేమోనని భయంగా ఉండేది. కాల్చడానికి కాదు, ఇవి ఇలా పడి ఉంటే చూడలేకపోతున్నాను. బాగుచేస్తావా?"

బావ ఒక చుట్ట తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అప్పడం.

అప్పుడు కూర్చున్నాడు బావ. కెప్టెన్ పక్కన వేసిన కుర్చీలో, కుర్చీ ముందుకి జరుపుకుని. "కొన్నాళ్ళు పడతాది సార్. తొందరపడకూడదు" అన్నాడు. నాకు తొందర లేదన్నాడు కెప్టెన్. అక్క ఎవరూ చెప్పకుండానే లోపలికెళ్ళి ఇన్వర్టరు నీళ్ళ క్యాను తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది.

ఎదురింటావిడ గేటు దగ్గర ఆగి, "ఎవలు పిన్నీ, కారులో వొచ్చినారు?" అని అడిగింది.

అత్త తలలో మజ్జిగ ఇంకా ఆరలేదు. చుట్ట చేతిలోకి తీసుకుని, వీధి చివరిదాకా వినపడేలా చెప్పింది. "మావోడి కెప్టెను. మావోడు దిగిపోనాక ఆయన సుట్టలు సూసీవోడే లేడట. అన్నీ ఎండిపోనాయట. మావోడే సూడాలని ఇంత దూరం మోసుకొచ్చినాడు."

ఆ పూట బావ పెరుగన్నంలో ఉప్పు రెండుసార్లు వేసుకున్నాడు, అలాగే తినేసి లేచాడు.